అమెరికాలో ఆఫ్రికన్ బానిసల రోజువారీ బతుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇందులో కొన్ని, అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలు బడిలో ఈ పాఠం విని ఇంటికొచ్చి అడిగే ప్రశ్నలు. కొన్ని, జూన్ 19న సెలవు ఎందుకిస్తారో తెలియక పెద్దవాళ్లు అడిగేవి. వర్జీనియాకో లూసియానాకో వెళ్లి పాత దొరల బంగళాలూ, వాటి వెనక వరుసగా నిలిచిన గుడిసెలూ చూసి వచ్చినవాళ్లు అడిగేవి మరికొన్ని. కొరడా గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు. ఆ మనుషులు ఎన్నింటికి లేచేవాళ్లు, ఏం తినేవాళ్లు, బిడ్డల్ని ఎక్కడ పడుకోబెట్టేవాళ్లు అన్న సంగతులు తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడి జవాబులు ఎక్కువగా అటువైపే నడిచాయి.

ఎప్పుడు మొదలైంది? ఎంతమందిని తెచ్చారు?

1619 ఆగస్టులో వైట్ లయన్ అనే ఓడ వర్జీనియా తీరంలోని పాయింట్ కంఫర్ట్‌కు వచ్చి, ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను దింపి, బదులుగా తిండి సరుకులు ఎక్కించుకుని వెళ్లిపోయింది. ఇంగ్లీషు వలసల్లో బానిసత్వాన్ని సాధారణంగా అక్కడినుంచే లెక్కిస్తారు. అంతకుముందే ఫ్లోరిడాలో స్పెయిన్‌వాళ్ల కింద ఆఫ్రికన్ బానిసలు ఉన్నారు.

అట్లాంటిక్ మీద ఓడలెక్కించినవాళ్లు మొత్తం సుమారు 1 కోటి 25 లక్షలు. ప్రాణాలతో ఒడ్డు చేరినవాళ్లు సుమారు 1 కోటి 7 లక్షలు. మిగిలినవాళ్లు సముద్రం పాలయ్యారు. చేరినవాళ్లలో ఎక్కువమంది బ్రెజిల్‌కూ కరీబియన్ దీవులకూ వెళ్లారు. ఇప్పటి అమెరికా నేల మీదికి ఆఫ్రికా నుంచి నేరుగా వచ్చినవాళ్లు సుమారు 3,88,000 మందే.

ఈ కథలో మన తీరానికీ ఒక ముడి ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో మనుషులను కొనడానికి ఐరోపా వర్తకులు ఇచ్చిన సరుకుల్లో కోరమాండల్ తీరంలో నేసిన నూలు బట్టలు ముఖ్యమైనవి. ఆ బట్ట చివరికి దేనికి మారకం అవుతుందో మగ్గం మీద కూర్చున్నవాడికి తెలిసే దారి లేదు.

నాలుగు లక్షల లోపు వచ్చినవాళ్లు 1860 నాటికి 40 లక్షలు ఎలా అయ్యారు?

1860 జనాభా లెక్కల్లో బానిసల సంఖ్య 39,53,760. దీని వెనక ఉన్నది ఓడలకంటే ముఖ్యంగా ఒక చట్టం. 1662లో వర్జీనియా శాసనసభ బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టే ఉంటుందని తీర్మానించింది. ఇంగ్లండులో అప్పటిదాకా బిడ్డకు తండ్రి హోదాయే వచ్చేది. ఇక్కడ దాన్ని తిరగేశారు. ఫలితం ఏమిటో ఊహించడం కష్టం కాదు. బానిస స్త్రీ మీద దొర చెయ్యి వేస్తే పుట్టే బిడ్డ అతనికి కొడుకో కూతురో కాదు, ఆస్తి. అత్యాచారానికి లాభం చేకూర్చిన చట్టం అది.

1808లో విదేశాల నుంచి బానిసలను దింపడం నిషేధించారు. అప్పటినుంచి దొరల జమాఖర్చుల్లో తల్లి కడుపే దిగుమతి రేవు అయింది.

పత్తి చేనులో ఒక రోజు ఎలా గడిచేది?

ఏ రాష్ట్రం, ఏ పంట, ఏ నెల అన్నదాన్ని బట్టి రోజు మారిపోతుంది. ఎక్కువమంది బతుకు పత్తితోనే ముడిపడింది కనుక, లూసియానాలో రెడ్ నది పక్కన సెప్టెంబరు నెల తీసుకుందాం. ఆ చేల గురించి సాలమన్ నార్తప్ వివరంగా రాసిపెట్టాడు. ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టుకతోనే స్వతంత్రుడు. ఫిడేలు వాయించేవాడు, భార్యా పిల్లలూ ఉన్నవాడు. 1841లో పని ఇప్పిస్తామని వాషింగ్టన్ తీసుకెళ్లి బానిసల వ్యాపారికి అమ్మేశారు. 1853 జనవరిలో గాని బయటపడలేదు. బయటినుంచి వచ్చి పడ్డవాడు కాబట్టి, అందులోనే పుట్టి పెరిగినవాళ్లకు మామూలనిపించే చిన్న చిన్న సంగతులు కూడా ఆయన కంటికి ఆనాయి.

తెల్లవారడానికి గంట ముందే కొమ్ము ఊదేవారు. లేచి పొయ్యి రాజేసి, ఒక సొరబుర్రలో నీళ్లూ, మరో బుర్రలో చల్లారిన పంది మాంసమూ మొక్కజొన్న రొట్టే పెట్టుకుని చేనికి పరుగెత్తాలి. తెల్లారాక గుడిసెలో కనబడితే దెబ్బలే. మెడకు తగిలించుకునే సంచి మూతి రొమ్ము దగ్గర ఉంటే అడుగు నేలను రాస్తుంటుంది. సాలు చివర పెద్ద బుట్ట. మధ్యాహ్నం తిండికి పది పదిహేను నిమిషాలు. ఆ తర్వాత చీకటి పడి కన్ను కనబడనంతవరకూ నడుము ఎత్తడం లేదు. నిండు వెన్నెల ఉంటే చీకటి కూడా వాళ్లను కాపాడేది కాదు.

గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ వైపు పత్తి ఏరిన చేతులకు మిగతాది చెప్పనక్కర్లేదు. పగిలి ఎండిన కాయ డొప్ప కొసలు ముళ్లలా నిలబడి గోటి మొదట్లో గుచ్చుకుంటాయి. సంచి నిండినట్టే ఉంటుంది, తూకం మాత్రం రాదు. అక్కడ ఒక మనిషికి మామూలు లెక్క రోజుకు 200 పౌన్లు, అంటే 90 కిలోలు.

అసలు భయం సాయంత్రం మొదలయ్యేది. గింజ తీసే యంత్రం ఉన్న కొట్టం దగ్గర కాటా వేలాడుతుంటుంది. తూకం తగ్గితే కొరడా. పెరిగితే? రేపటినుంచి లెక్క పెరుగుతుంది. అంటే ఎక్కువ ఏరడమూ ప్రమాదమే, తక్కువ ఏరడమూ ప్రమాదమే. కొత్తగా వచ్చినవాణ్ణి మొదటి రోజు కొరడాతో అదిలించి ఒంట్లో ఉన్న సత్తువంతా పిండి, ఆ రోజు తూకాన్నే అతని లెక్కగా నిర్ణయించేవారు. తూకం అయ్యాక కంచర గాడిదలకు మేత, పందులకు తిండి, కట్టెలు కొట్టడం. అవన్నీ ముగిశాక గుడిసె చేరి, మొక్కజొన్నలు విసురుకుని, రాత్రికీ రేపటికీ వండుకోవాలి. పడుకునేసరికి అర్ధరాత్రి.

అదే తోటలో ప్యాట్సీ అనే యువతి ఉండేది. రోజుకు 500 పౌన్లు ఏరేదని నార్తప్ రాశాడు. ఆ నేర్పు ఆమెను కాపాడలేదు. దొర చూపూ, దొరసాని అసూయా రెండూ ఆమె వీపు మీదే తేలాయి.

ఈ తూకాలు గాలిలో కలిసిపోలేదు. థామస్ ఆఫ్లెక్ అనే ఆయన తోటల యజమానుల కోసం లెక్కల పుస్తకాలు అచ్చు వేయించి అమ్మేవాడు. ఎవరు ఏ రోజు ఎన్ని పౌన్లు ఏరారో నింపడానికి అందులో గడులు. ఏడాది మొదట్లో ఒక్కొక్క మనిషి ఖరీదు ఎంత, చివరికి ఎంత పెరిగింది, ఎంత తరిగింది అని రాయడానికి మరో పుట. నాకు కొరడాకంటే ఈ గడులే ఎక్కువ భయం పుట్టిస్తాయి. కొరడా ఎత్తినవాడికి కోపం ఉండి ఉండవచ్చు. ఆ గడులు నింపినవాడికి కోపం కూడా అక్కర్లేదు.

అందరూ పత్తి చేలలోనే పనిచేసేవాళ్లా?

కాదు. పత్తి అంతలా వ్యాపించింది 1793లో ఎలీ విట్నీ గింజ తీసే యంత్రం తెచ్చిన తర్వాతే. అంతకుముందు వర్జీనియా, మేరీలాండ్‌లలో పొగాకు, దక్షిణ కరొలైనా, జార్జియా తీరాల్లో వరి ఉండేవి. తర్వాతి కాలంలో లూసియానాలో చెరకు పెరిగింది.

వరి సంగతి మన పాఠకులకు ఆసక్తిగా ఉంటుంది. కరొలైనా దొరలకు వరి సాగు తెలియదు. పశ్చిమ ఆఫ్రికాలో తరతరాలుగా వరి పండించిన ప్రాంతాల వాళ్లకు తెలుసు. అడవి నరికి, గట్లు పోసి, తూములు పెట్టి, సముద్రపు ఆటుపోట్లతో మడులకు నీళ్లు పెట్టే ఏర్పాటంతా వాళ్ల చేతుల మీదే జరిగింది. మోకాలి లోతు బురద, పాములు, మలేరియా దోమలు. కోత అయ్యాక రోలూ రోకలీ పెట్టి దంచడం, గడ్డితో అల్లిన పళ్లేల్లో చెరగడం. ఆ గడ్డి అల్లిక ఇప్పటికీ చార్ల్‌స్టన్ వీధుల్లో కనిపిస్తుంది. అల్లేవాళ్లు గల్లా గీచీ ప్రజలు, అంటే ఆ రైతుల మనుమలు, ముని మనుమలు. వరి తోటల్లో రోజుకు ఇంత అని పని కొలిచి ఇచ్చేవారు, సుమారు పావు ఎకరం. అది ముగిస్తే మిగిలిన పొద్దు సొంత పెరడుకు వాడుకోవచ్చు. పత్తి తోటల్లో ఆ వెసులుబాటు లేదు.

చెరకు అన్నిటికంటే ఘోరం. గానుగల కాలంలో రాత్రింబవళ్లు వంతులు, మరిగే పాకం కాగులు, నిద్ర కళ్లతో యంత్రంలో చెయ్యి పెట్టుకోవడం.

పట్నాల్లో కమ్మరులు, వడ్రంగులు, రేవు కూలీలు, చాకలి పనివాళ్లు ఉండేవారు. వాళ్లను అద్దెకు ఇచ్చేవారు. కూలి యజమాని జేబులోకి పోయేది. చార్ల్‌స్టన్‌లో అలా అద్దె పనికి వెళ్లేవాళ్లు రాగి బిళ్ల దగ్గర ఉంచుకోవాలి. దాని మీద సంవత్సరం, పని రకం, అంకె. పేరు ఉండదు.

ఇంటి పనివాళ్లకు కాస్త మేలు కదా?

తిండి కొంత మేలు, పాత బట్టలు దొరికేవి, ఎండ తగలదు. దానికి చెల్లించిన ధర వేరు. చేనులో పనిచేసినవాళ్లకు రాత్రి గుడిసె అయినా తమది. ఇంటి పనిమనిషికి అదీ లేదు. చాలామంది దొరసాని పడకగది గుమ్మం దగ్గర నేల మీదే పడుకునేవాళ్లు. పిలుపు వినబడితే ఏ జాములోనైనా లేవాలి. సొంత బిడ్డ ఏడుస్తున్నా దొర బిడ్డకు పాలివ్వాలి. పైగా దొర కంటి ముందే పెరగడం ఆడపిల్లకు ఎంత అపాయమో వాళ్ల తల్లులకు తెలుసు.

మిస్సోరీలో సీలియా అనే పిల్లను 1850లో రాబర్ట్ న్యూసమ్ అనే రైతు కొన్నాడు. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు ఉంటాయి. ఐదేళ్ల అత్యాచారాల తర్వాత ఒక రాత్రి ఆమె అతన్ని కర్రతో కొట్టి చంపింది. బలాత్కారాన్ని ఎదిరించే హక్కు స్త్రీకి ఉందని ఆ రాష్ట్ర చట్టంలో రాసి ఉంది. ఆ 'స్త్రీ' అనే మాట కిందికి బానిస రాదన్నట్టుగా న్యాయమూర్తి కేసు నడిపాడు. 1855 డిసెంబరులో ఉరి తీశారు.

ఏం తినేవాళ్లు?

ప్రధానంగా మొక్కజొన్న పిండి, ఉప్పు పట్టించిన పంది మాంసం. బానిసగా పుట్టి తర్వాత తన కథ తానే రాసుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ పెరిగిన మేరీలాండ్ తోటలో ఒక పెద్ద మనిషికి నెలకు 8 పౌన్ల పంది మాంసమో అంత విలువైన చేపలో, ఒక బుషెల్ పిండి ఇచ్చేవారు. అంటే మూడున్నర కిలోల మాంసం, ఇరవై కిలోలకు పైగా పిండి. కడుపులో ఏదో పడుతుంది, ఒంటికి పట్టదు. పిల్లల సంగతి మరీ అన్యాయం. ఉడికించిన మొక్కజొన్న సంకటిని చెక్క తొట్టిలో పోసి నేల మీద పెడితే, పిల్లలు పందుల్లా మూగేవారని ఆయనే రాశాడు. కొందరి చేతుల్లో ఆల్చిప్పలు, కొందరికి పెంకు ముక్కలు, చాలామందికి ఉత్త చేతులు. ఎవరు తొందరగా తింటే వాళ్లకు ఎక్కువ.

మిగతా తిండి వాళ్లు సంపాదించుకున్నదే. గుడిసె వెనక చారెడు నేలలో చిలగడదుంపలు, ఆకుకూరలు పెంచేవాళ్లు. రాత్రిపూట వలలూ బోనులూ పెట్టి చేపలు, చిన్న జంతువులు పట్టేవాళ్లు. ఆఫ్రికా నుంచి వచ్చిన బెండ, అలసందలు ఆ పెరళ్లలో నిలదొక్కుకున్నాయి. లూసియానాలో ఇప్పుడు గొప్పగా చెప్పుకునే గంబో అనే పులుసు పేరు బెండకాయకు ఉన్న ఒక ఆఫ్రికన్ పేరు నుంచి వచ్చిందే. నువ్వులను చార్ల్‌స్టన్‌లో ఇప్పటికీ ఆఫ్రికన్ మాటతో 'బెన్నె' అంటారు. బెండ, అలసంద, నువ్వు, వరి: ఆ పెరటి జాబితా చదువుతుంటే మన వంటింటి అరలు చూస్తున్నట్టే ఉంటుంది.

ఏం కట్టుకునేవాళ్లు? ఎక్కడ పడుకునేవాళ్లు?

ఏడాదికి రెండు ముతక చొక్కాలు, ఒక వేసవి లాగు, చలికాలానికి ఒక లాగూ కోటూ, ఒక జత మేజోళ్లు, ఒక జత బూట్లు. చేనికి వెళ్లే వయసు రాని పిల్లలకు ఏడాదికి రెండు పొడుగు చొక్కాలే. అవి చిరిగిపోతే మళ్లీ పంచే రోజు వచ్చేదాకా ఒంటి మీద ఏమీ ఉండదు. ఏడెనిమిదేళ్ల డగ్లస్ చలికి ఆగలేక మొక్కజొన్న మోసే గోనె సంచి దొంగిలించి, తల లోపలికి పెట్టి, కాళ్లు బయటికి పెట్టి నిద్రపోయేవాడు. తర్వాత పేరుమోసిన వక్త అయి తన కథ రాసుకుంటూ, అప్పటి మంచుకు పగిలిన పాదాల పగుళ్లలో ఇప్పుడు రాస్తున్న ఈ కలం పడుతుందని రాశాడు.

గుడిసె అంటే దుంగలతో కట్టిన ఒకే గది, మట్టి నేల, పుల్లలూ మట్టీ కలిపి లేపిన పొగగొట్టం. కిటికీకి అద్దం ఉండదు, చెక్క తలుపే. నార్తప్ పడుకున్నది 12 అంగుళాల వెడల్పు పలక మీద. తలగడ ఒక కట్టె ముక్క.

పెళ్లి చేసుకోనిచ్చేవారా?

చేసుకునేవాళ్లు, కాని చట్టం దాన్ని గుర్తించలేదు. ఆస్తికి ఒప్పందం చేసుకునే హక్కు ఎక్కడిది? చీపురు నేల మీద పెట్టి జంటగా దాటడం చాలా చోట్ల పెళ్లి తంతు. పాదిరీ వచ్చి చేయించినా, చావు విడదీసేవరకు అనే ప్రమాణంలో 'చావో దూరమో విడదీసేవరకు' అని మార్చి చదివిన సందర్భాలున్నాయి. భర్త ఒక తోటలో, భార్య మరో తోటలో ఉండటం మామూలు. శనివారం రాత్రి దొర రాసిచ్చిన చీటీ పట్టుకుని అతను ఐదారు మైళ్లు నడిచి వెళ్లేవాడు.

రిచ్‌మండ్ పట్నంలో పొగాకు కార్ఖానాలో పనిచేసిన హెన్రీ బ్రౌన్ తన భార్య నాన్సీని అమ్మకుండా ఉండటానికి ఆమె యజమానికి డబ్బు ఇస్తూ వచ్చాడు. 1848లో అతను డబ్బూ తీసుకున్నాడు, ఆమెనూ పిల్లలనూ నార్త్ కరొలైనాకు అమ్మేశాడు. గొలుసుల వరుసలో వెళ్తున్న భార్య చెయ్యి పట్టుకుని బ్రౌన్ కొన్ని మైళ్లు నడిచాడు. ఇద్దరికీ మాట రాలేదు. మరుసటి ఏడు ఆయన మూడడుగుల పొడవు చెక్కపెట్టెలో కూర్చుని, మేకులు కొట్టించుకుని, సరుకు కింద ఫిలడెల్ఫియాకు తనను తాను పంపుకున్నాడు. సుమారు 27 గంటల ప్రయాణం, దారిలో కొంతసేపు తలకిందులుగా.

అమ్మకం ఎలా జరిగేది?

1859 మార్చి 2, 3 తేదీల్లో జార్జియాలోని సవానాలో జరిగిన వేలం చూద్దాం. పియర్స్ బట్లర్ అనే తోటల వారసుడు జూదంలోనూ షేర్లలోనూ పోగొట్టుకుని అప్పుల పాలయ్యాడు. తీర్చడానికి 436 మందిని అమ్మకానికి పెట్టాడు. గుర్రప్పందేల మైదానంలో, బళ్లు నిలిపే పాకల్లో వాళ్లను ఉంచారు. కొనేవాళ్లు వచ్చి పెదవులు విప్పి పళ్లు చూశారు, కండలు నొక్కారు, అటూ ఇటూ నడిపించారు. న్యూయార్క్ పత్రిక విలేకరి ఒకరు కొనుగోలుదారుగా నటిస్తూ అన్నీ రాసుకున్నాడు కనుకే మనకు ఇంత తెలుసు. రెండు రోజులూ వాన కురుస్తూనే ఉంది. 429 మంది అమ్ముడుపోయారు. వచ్చింది 3,03,850 డాలర్లు, సగటున మనిషికి 708. కుటుంబాలను విడదీయం అన్నారు. కాని వాళ్ల దృష్టిలో కుటుంబం అంటే మొగుడూ పెళ్లాం, చిన్న పిల్లలు. తల్లిదండ్రులు, అక్కచెల్లెళ్లు, ఇంకా పెళ్లి కాని ప్రేమికులు అందులోకి రారు.

అంతా అయ్యాక బట్లర్ తన పాత మనుషుల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కరి చేతిలో ఒక డాలరు పెట్టాడు. నాలుగు కొత్త పావలా నాణేలు, తళతళలాడేవి.

1790, 1860 మధ్య ఇలా పాత రాష్ట్రాల నుంచి మిసిసిపీ, అలబామా, లూసియానాల వైపు తరలిపోయినవాళ్లు సుమారు 10 లక్షలు. అమ్ముడుపోయినవాళ్లలో ఎక్కువమంది జంటలుగా గొలుసులు కట్టి వందల మైళ్లు నడిపించబడ్డవాళ్లే.

పిల్లల పెంపకం ఎవరు చూసేవాళ్లు?

ముసలివాళ్లు. బాలింతలు కొన్ని వారాలకే చేనికి వెళ్లాలి. పసిబిడ్డను గట్టు మీద చెట్టు నీడలో పడుకోబెట్టి, కొరడా చూపు తప్పించుకుని వచ్చి పాలిచ్చేవాళ్లు. ఐదేళ్లు నిండకుండానే దాదాపు సగం మంది పిల్లలు చనిపోయేవారని చరిత్రకారుల అంచనా. బతికినవాళ్లు నాలుగైదేళ్లకు నీళ్లు మోసేవాళ్లు, పక్షులను తోలేవాళ్లు. పదేళ్లు వచ్చేసరికి చేనులో సాలు పట్టేవాళ్లు.

డగ్లస్ తల్లి 12 మైళ్ల దూరంలో ఇంకొకరి పొలంలో పనిచేసేది. పగలంతా పనిచేసి, రాత్రి నడిచి వచ్చి, కొడుకు పక్కన పడుకుని, అతను లేచేసరికి వెళ్లిపోయేది. పొద్దు పొడిచేసరికి చేనులో లేకపోతే దెబ్బలు. ఆయన జీవితం మొత్తంలో తల్లిని చూసింది నాలుగైదుసార్లు. అన్నీ చీకట్లోనే.

ఆయనకు తన పుట్టినరోజు తెలియదు. మన తాతలకూ తెలియదు కదా, 'పెద్ద గాలివాన వచ్చిన ఏడు' అని చెప్పేవాళ్లు కదా అనవచ్చు. తేడా ఒకటుంది: యజమాని పుస్తకంలో ఎక్కడో రాసి ఉండవచ్చు, కాని అడిగిన బానిసది పొగరు.

జబ్బు చేస్తే?

ముందు నటన అని అనుమానించేవారు. వైద్యుణ్ణి పిలిచినా ఆయన పని ఆస్తిని బాగుచేయడం. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు, బానిసలు పారిపోవాలనుకోవడం ఒక మానసిక వ్యాధి అని దానికి పేరు కూడా పెట్టాడు. అలబామాలోని మాంట్‌గొమరీలో మేరియన్ సిమ్స్ 1845 నుంచి 1849 వరకు కాన్పులో చిరిగిన బానిస స్త్రీల మీద మత్తు ఇవ్వకుండా శస్త్రచికిత్సలు చేశాడు. అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లు మిగిలాయి. అనార్కాకు 30 సార్లు. ఆయన విగ్రహాన్ని న్యూయార్క్ సెంట్రల్ పార్కు నుంచి తీసేసింది 2018లో.

దేవుడు, పాటలు, పండుగలు?

ఆదివారం చాలా చోట్ల సెలవు, క్రిస్మస్‌కు మూడు రోజులు. దొర పిలిపించిన పాదిరీ 'సేవకులారా, యజమానులకు లోబడండి' అనే వాక్యమే తిప్పి తిప్పి చెప్పేవాడు. అది విని, తలూపి, రాత్రికి అడవిలోనో వాగు ఒడ్డునో తమ ప్రార్థన తాము చేసుకునేవాళ్లు. చప్పుడు బయటికి పోకుండా ఇనుప కుండ బోర్లించి పెట్టేవాళ్లమని చాలామంది ముసలివాళ్లు తర్వాత చెప్పారు. కుండ శబ్దాన్ని పట్టేస్తుందా అంటే, ఆ నమ్మకంలో ఆఫ్రికా వాసన ఉందని పరిశోధకులు అంటారు. ఆ ప్రార్థనల్లో ఎక్కువగా వినబడిన పేరు మోషే, బైబిల్లో తన జనాన్ని బానిసత్వం నుంచి బయటికి నడిపించినవాడు.

చదువుకోవడం నిజంగా నేరమా?

చాలా దక్షిణాది రాష్ట్రాల్లో చదువు నేర్పడం నేరం. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ అనే బానిస నడిపిన తిరుగుబాటు తర్వాత చట్టాలు మరీ బిగిశాయి. అయినా నేర్చుకున్నవాళ్లున్నారు. బాల్టిమోర్ వీధుల్లో డగ్లస్ ఆకలితో తిరిగే తెల్ల పిల్లలకు రొట్టె ముక్కలిచ్చి అక్షరాలు కొనుక్కున్నాడు.

దక్షిణ కరొలైనాలోని ఎడ్జ్‌ఫీల్డ్‌లో డేవ్ అనే బానిస కుమ్మరి ఉండేవాడు. ఒక మనిషి పట్టేంత పెద్ద జాడీలు చేసేవాడు. అక్కడ బానిసలకు చదువు నేర్పడాన్ని నిషేధించిన 1834 చట్టం తర్వాత కూడా పచ్చి మట్టి మీద పుల్లతో తన పేరూ తేదీ గీసి, కొన్నిటి మీద రెండు పాదాల పద్యాలు రాశాడు. 1857 ఆగస్టు నాటి ఒక జాడీ మీద, నా బంధువులంతా ఎక్కడున్నారో అని ఉంది. అలాంటి జాడీల్లో పంది మాంసం ఊరబెట్టేవారు.

ఎందుకు తిరగబడలేదు? ఎందుకు పారిపోలేదు?

తిరగబడ్డారు. 1739లో దక్షిణ కరొలైనాలోని స్టోనో, 1811లో న్యూ ఆర్లియన్స్ పక్కన నది ఒడ్డు, 1831లో నాట్ టర్నర్. 1811 తిరుగుబాటును అణిచాక తలలు నరికి నది కట్ట పొడవునా గుంజలకు గుచ్చారు. ఆ దారినే మిగతావాళ్లు రోజూ పనికి వెళ్లాలి. చేతిలో ఆయుధం లేదు, చీటీ లేకుండా రోడ్డెక్కితే గస్తీవాళ్లు, కుక్కలు. 1850 చట్టం తర్వాత ఉత్తరాది రాష్ట్రాలకు చేరినా పట్టి అప్పగించాల్సిందే. పసిబిడ్డను ఎత్తుకుని ఎంత దూరం పరుగెత్తగలరు? అందుకే పారిపోయినవాళ్లలో యువకులే ఎక్కువ.

మేరీలాండ్ నుంచి 1849లో తప్పించుకున్న హ్యారియట్ టబ్మన్ సుమారు 13 సార్లు వెనక్కి వెళ్లి 70 మంది దాకా తీసుకొచ్చింది. నార్త్ కరొలైనాలో హ్యారియట్ జేకబ్స్ పారిపోకుండానే పారిపోయింది. అమ్మమ్మ ఇంటి చూరు కింద, 9 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, ఎత్తైన చోట 3 అడుగులున్న అటక మీద దాదాపు ఏడేళ్లు. చెక్కలో చిన్న చిల్లు తొలుచుకుని, కింద ఆడుకునే సొంత పిల్లలను చూసుకునేది. వాళ్లకు తల్లి అక్కడుందని ఎవరూ చెప్పలేదు.

మిగతావాళ్ల తిరుగుబాటు ఇంత పెద్దగా కనబడదు. పార విరగ్గొట్టడం, కడుపునొప్పి తెచ్చుకోవడం, కాటాలో బరువు కోసం బుట్ట అడుగున రాయి వేయడం.

మంచి దొరలు కూడా ఉండేవాళ్లా?

దెబ్బలు తక్కువ కొట్టినవాళ్లు ఉండేవాళ్లు. జార్జి వాషింగ్టన్ ఉదాహరణ చాలు. అధ్యక్షుడిగా ఫిలడెల్ఫియాలో ఉన్నప్పుడు, ఆరు నెలలు దాటి అక్కడుంచిన బానిసకు స్వేచ్ఛ వస్తుందనే పెన్సిల్వేనియా చట్టాన్ని తప్పించుకోవడానికి, గడువుకు ముందే తన మనుషులను రాష్ట్రం దాటించి మళ్లీ తెచ్చేవాడు. ఆయన ఇంట్లో దొరసాని కుట్టుపనీ అలంకరణా చూసిన ఓనా జడ్జ్‌కు, తనను దొరసాని మనుమరాలికి పెళ్లి కానుకగా ఇవ్వబోతున్నారని తెలిసింది. 1796 మే నెలలో ఒక సాయంత్రం ఇంటివాళ్లు భోజనం చేస్తుండగా వీధిలోకి నడిచి వెళ్లిపోయింది. వాషింగ్టన్ మనుషులు న్యూ హాంప్‌షైర్‌లో ఆచూకీ పట్టినా తిరిగి రాలేదు. పేదరికంలో 1848 దాకా బతికింది. ముసలితనంలో ఎవరో అడిగారు, అక్కడే ఉంటే సుఖపడేదానివి కదా అని. లేదంది. చట్టం ప్రకారం చనిపోయే రోజుకు కూడా ఆమె ఆ కుటుంబపు ఆస్తే.

మన వెట్టిచాకిరీ కూడా ఇలాంటిదే కదా?

పోలికలున్నాయి, తేడాలూ ఉన్నాయి. ఓనా జడ్జ్ కథ చదివితే తెలంగాణ దొరల గడీల్లో పెళ్లికూతురి వెంట అత్తవారింటికి పంపిన ఆడబాపలు గుర్తుకురాక మానరు. అప్పు తాత నుంచి మనుమడికి దిగడం, దొర ముందు చెప్పులు వేసుకోకూడదనడం, ఆడవాళ్లకు అడ్డు చెప్పే హక్కు లేకపోవడం ఒకలాంటివే. కాని అక్కడ మనిషి బహిరంగ సరుకు: వేలం, రశీదు, తాకట్టు, బీమా. ఇక్కడ మనిషిని కట్టేసింది అప్పూ కులమూ. ఏది ఎక్కువ ఘోరమని తూచే కాటా నా దగ్గర లేదు.

'నీగ్రో' అని రాయవచ్చా?

పాత తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఇప్పుడు వద్దు. నల్లజాతీయులు, ఆఫ్రికన్ అమెరికన్లు అంటే చాలు.

స్వేచ్ఛ వచ్చాక ఏమైంది? జూన్ 19 అంటే ఏమిటి?

ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం నడుస్తుండగా, దక్షిణాది బానిసలు ఇక స్వతంత్రులని 1863 జనవరి 1న అధ్యక్షుడు లింకన్ ప్రకటన వెలువడింది. అది అమలైంది ఉత్తరాది సైన్యం చేరిన చోటే. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌కు సైన్యం చేరి, మీరు స్వతంత్రులని చెప్పింది 1865 జూన్ 19న. రెండున్నరేళ్ల ఆలస్యం, అందులో రెండు పత్తి పంటలు. ఆ తేదీ 2021 నుంచి జాతీయ సెలవు. 1865 డిసెంబరులో రాజ్యాంగానికి చేసిన పదమూడో సవరణ బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేసింది, 'నేరానికి శిక్షగా తప్ప' అనే మెలికతో. ఆ మెలికలోంచి ఖైదీలను తోటలకూ గనులకూ అద్దెకివ్వడం పుట్టింది. పంచుతామన్న నేల వెనక్కి లాక్కున్నారు. చాలామంది పాత దొర చేనులోనే పాలికి కుదిరి, అతని కొట్టులోనే అప్పు పడ్డారు.

విడిపోయిన కుటుంబాలు మళ్లీ కలిశాయా?

కొన్ని. వెతికినవాళ్లు మాత్రం లెక్కలేనంతమంది. యుద్ధం ముగిసిన నెలల్లోనే రోడ్ల వెంట నడక మొదలైంది. నడవలేనివాళ్లు పత్రికలకు రాశారు. న్యూ ఆర్లియన్స్‌లోని ఒక మెథడిస్టు పత్రిక 1870ల చివర్లో 'తప్పిపోయిన మిత్రులు' అనే శీర్షిక మొదలుపెట్టింది. చందాదారులకు ఉచితం, మిగతావాళ్లకు 50 సెంట్లు. ఆదివారం ప్రార్థన అయ్యాక వీటిని చదివి వినిపించండని పాదిరీలను కోరింది.

ఆ ప్రకటనలన్నీ దాదాపు ఒకే తీరు. అమ్మ పేరు ఇది, నన్ను అమ్మేనాటికి నా వయసు ఇంత. ఆ తర్వాత వచ్చేవి ఎక్కువగా దొరల పేర్లే: మొదట ఫలానా వాళ్ల దగ్గర, వాళ్లు ఫలానా వాళ్లకు అమ్మారు, వాళ్లు టెక్సాస్ తీసుకెళ్లారు. ఇంకో గుర్తు లేదు మరి. పేరు మారి ఉంటుంది, ముఖం మారి ఉంటుంది. అరవై దాటినవాళ్లు ఎనిమిదేళ్లప్పుడు చూసిన అన్న కోసం రాశారు. ఆ శీర్షిక ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ల దాకా నడిచింది.